అవ్వ సీటు మీద పందెం

డిసెంబర్ 22, సోమవారం

ఇయ్యాల అవ్వ, నన్ను కన్న తల్లి, వార్డు మెంబర్‌గ ప్రమాణం చేసింది. నాకు గర్వంగనే ఉన్నది కానీ కోపం ఇంకా దిగలే.

బడి ముందట షామియానా వేసిన్రు. ఆఫీసర్ సారు మైకుల ఒక ముక్క అంటడు, మెంబర్లందరు ఆ ముక్కనే మళ్ల అంటరు. ఒకటో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పిచ్చినట్టు. "రాధమ్మ అను నేను" అని ఆయన అంటే "రాధమ్మ అను నేను" అని అవ్వ అన్నది. ప్రమాణం కాయితం అవ్వ చేతులనే ఉన్నది. ఒక్కపారన్న దాని దిక్కు చూడలే. సర్పంచ్ రోజారాణి వదినది గూడ అదే కథ. ఆమె వెనుక కుర్చీల ఆమె మొగడు శైలేందరన్న, కాలు మీద కాలేసుకుని. ఓట్లు ఆమెకు పడ్డయి, దండలు ముందుగాల ఆయనకు పడ్డయి. తర్వాత ఎవరికో యాదికొచ్చి ఆమె మెడల గూడ ఒకటి వేసిన్రు.

నేను ఊకుంటనా? నిలవడి అన్న: "ఇది ప్రజాస్వామ్యమా, చిలకలకు పాఠమా? ఒకలు చెప్పుడు, ఒకలు అనుడు. ప్రమాణం చదువరాని మెంబరు రేపు తీర్మానం మీద ఎట్ల సంతకం పెడ్తరు?"

శైలేందరన్న నవ్విండు. "తమ్మీ నాగేశు, సిద్దిపేట ప్రెస్సుల నువ్వు అచ్చు కొట్టిన కరపత్రాలన్నీ ఇంటికి తెచ్చుకుని చదువుతవట. మంచిదే. మరి మీ అవ్వకు వస్తదా చదువు?"

"వస్తది. జనవరి ఇరవయ్యారు గ్రామసభల ఎజెండా మొత్తం మా అవ్వనే చదువుతది. మైకుల. ఎవ్వలు అందియ్యకుంట."

"చదవకపోతే?"

"రాజీనామ చేస్తది."

అవ్వ నా దిక్కు చూసింది. ఇంటికొచ్చినంక బాపు కల్లు లొట్లు కడుక్కుంట అన్నడు: "పందెం కాసెటోడు తన కోడిని తీస్కపోతడు. నువ్వు మీ అవ్వను తీస్కపోయినవు గదరా."

బాపుకు ఇసుంటి విషయాలు అర్థం కావు.


డిసెంబర్ 23

ప్రణాళిక.

అవ్వ మూడో తరగతి దాక పోయింది. అచ్చరాలు వస్తయి. సంతకం చేస్తది. బస్సు మీద బోర్డు చూసి సిద్దిపేటదో గజ్వేల్‌దో చెప్తది. అంటే పునాది ఉన్నది, మీద గోడ లేవలే. కావాల్సింది అలవాటు. చదువు పండుగ లెక్క ఏడాదికొకపారి వచ్చేది కాదు, అన్నం లెక్క రోజు ఉండాలె. (ఈ మాట మంచిగున్నది. కరపత్రంల పెట్టాలె.)

పోయిన గ్రామసభ ఎజెండా పంచాయతీ సెక్రటరీ మనీష మేడమ్‌ను అడిగి తెచ్చిన. ప్రతిసారి కొద్దిగ అటు ఇటు అవే ఉంటయి. దాంతోటే సాధన.

అవ్వను అడిగిన: "రోజు పొద్దుగాల ఒక గంట చదువుదమా?"

"పొద్దుగాల ఆకు నీ తాత కత్తిరిస్తడా?"

బీడీల ఆకు రాత్రి తడిపి గోనెసంచిల చుట్టి పెడ్తది అవ్వ. తెల్లారి మెత్తగైనంక కత్తిరిస్తది. పగలంత చుడ్తది. పొద్దుగూకితే టేకేదార్‌కు కట్టలు ఇయ్యాలె. కంపెనీ నుంచి ఆకు తెచ్చిచ్చెటోడు ఆయననే, లెక్క తక్కువైతే తెల్లారి ఆకు తక్కువిస్తడు.

దానికి నాకు మంచి ఉపాయం తట్టింది. "నువ్వు ఆకు కత్తిరిస్తనే ఉండు. నేను కాయితం చదువుత, నువ్వు నా వెంట అను. పనికి పని, చదువుకు చదువు."

"గట్లనైతే సరే" అన్నది.

నా కోసం గూడ నియమం: పంచాయతీ రాజ్ చట్టం పుస్తకం, రోజుకు ఇరవై పేజీలు. పోరాడెటోడు చట్టం చదవాలె.


డిసెంబర్ 24

మొదటి రోజు. అవ్వ ఒళ్లె చాట, చేతుల కత్తెర, ఆకు మీద రేకు ముక్క. రేకు ఎంతుంటే ఆకు అంతే కత్తిరియ్యాలె. పక్కింటి అమృతమ్మ పెద్దమ్మ గూడ తన ఆకు పట్టుకొచ్చి కూసున్నది. "నేను మెంబర్‌ను కాకపోయినా వినొచ్చు గదరా?" అన్నది. విను అన్న.

"అంశము ఒకటి. గ్రామ పంచాయతీ ట్రాక్టరు మరమ్మతు గురించి చర్చించుట."

అవ్వ అన్నది. ఒక్క అచ్చరం తప్పు పోలే.

ఇంత తొందరగ వస్తదనుకోలే.

చట్టం: ఒకటో అధ్యాయం మొదలుపెట్టిన.


డిసెంబర్ 25

నాలుగు అంశాలు అయిపోయినయి. నాలుగు!


డిసెంబర్ 28, ఆదివారం

ఆరు. అవ్వకు ఇప్పుడు నేను ముక్క మొత్తం చెప్పే పని లేదు, మొదటి మాట అంటే చాలు, తక్కింది తనే అందుకుంటది. అది గూడ ఆకు మీది నుంచి తల ఎత్తకుంట. సాధన అంటే గదే. పెద్ద పెద్దోళ్లు గూడ కాయితం చూడకుంటనే ఉపన్యాసం చెప్తరు.

చట్టం: ఒకటో అధ్యాయం. నిర్వచనాలు శాన ఉన్నయి.


జనవరి 1

కొత్త సంవత్సరం. ఊరంత డీజే. మా వాకిట్ల చదువు.

అమృతమ్మ పెద్దమ్మకు గూడ ఎజెండా మొత్తం వచ్చింది. వచ్చుడే కాదు, బతుకమ్మ ఆట లెక్క పాట కట్టింది. "ట్రాక్టరు మరమ్మతు ఉయ్యాలో, చర్చించుట ఉయ్యాలో." అవ్వ నవ్వుకుంట చేతులు తట్టింది. నాకు మండింది. "ఇది ఆట కాదు పెద్దమ్మా, అధికారం గుంజుకునే పని" అన్న.

"గుంజుకో బిడ్డా. జెర జరుగు, వెలుతురుకు అడ్డమున్నవు" అన్నది.


జనవరి 4, ఆదివారం

కరపత్రం అచ్చయింది. "సంతకం కాదు, చదువు!" ప్రెస్సు ఓనర్ వెంకటనర్సయ్య సారు ప్రూఫు చూసి "ఇండ్ల అరుపు గుర్తులు శాన ఉన్నయి నాగేశ్, మా మిషన్‌ల టైపు అయిపోతది" అన్నడు. సారుకు ఎగతాళి ఎక్కువ.

మా యువజన సంఘం తరఫున ఊరంత పంచినం. నేను అధ్యక్షుణ్ణి, ఆకాశ్ ఉపాధ్యక్షుడు. కరపత్రంల అవ్వ పేరు పెద్దగ వేసిన. ఇరవయ్యారు నాడు చదువుతది అని తారీఖుతోటి వేసిన. ఇప్పుడు వెనుకకు పోయేది లేదు.

బస్టాప్ కాడ శైలేందరన్న ఒకటి తీసుకున్నడు. మలిచి జేబుల పెట్టుకున్నడు. "దాచిపెడ్త తమ్మీ. పనికొస్తది" అన్నడు.

చట్టం: ఒకటో అధ్యాయం, మళ్ల మొదటి సంది. మధ్యల మూడు రోజులు ఇడిసిపెడితే తాడు తెగింది.


జనవరి 8

ఎజెండా మొత్తం వచ్చింది. మొదటి సంది చివరిదాక, నేను ఒక్క మాట అందియ్యకుంట. రెండు వారాల్లనే! అక్షరాస్యత మీద ఇన్నేండ్ల సంది ఇన్ని పథకాలు పెట్టిన్రు. ఒక్కలకు తట్టలే ఈ పద్ధతి.


జనవరి 11, ఆదివారం

రాయాల్నా వద్దా అనుకున్న. రాస్తున్న.

మనీష మేడమ్ ఇరవయ్యారు గ్రామసభ ఎజెండా పంపింది. "రాధమ్మ గారు చదువుకుంటున్నరు గద, ముందుగాలనే ఇస్తున్న" అన్నది. మంచి మనిషి. ఆకాశ్‌ను పిలిచిన, చూడు మా అవ్వ ఎట్ల చదువుతదో అని. అవ్వ చేతుల కొత్త కాయితం పెట్టిన.

అవ్వ కాయితం పట్టుకున్నది. గొంతు సవరించుకున్నది. గడగడ చదివింది:

"అంశము ఒకటి. గ్రామ పంచాయతీ ట్రాక్టరు మరమ్మతు గురించి చర్చించుట. అంశము రెండు..."

ఆకాశ్ వంగి కాయితం చూసిండు. అవ్వ దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. "అరే, ట్రాక్టర్ ఏడున్నదిరా ఇండ్ల? ఇది కోతుల గురించి గద."

కొత్త కాయితంల మొదటి అంశం కోతుల బెడద. అవ్వ చదివింది పోయినసారిది. ఈ కాయితం పట్టుకుని ఆ కాయితం చదివింది. ఆకాశ్ నవ్వు ఆపుకునేటందుకు బయటికి పోయిండు. బయట నవ్విండు, వినవడ్డది.

నేను ఏమేమన్ననో అన్నీ రాయ. నన్ను మోసం చేసినవు అన్న. ఊరి ముందట నా ఇజ్జత్ తీసేటందుకే ఈ నాటకం అన్న. కాయితం చింపిన. అవ్వ చాట ఒళ్లెకు తీసుకుని ఆకు కత్తిరిచ్చుడు మొదలుపెట్టింది. అమృతమ్మ పెద్దమ్మ మాత్రం అన్నది: "ఏం మోసం చేసిందిరా? నువ్వు చెప్పినవు, అది అన్నది. చదువంటే గదే అనుకున్నం మేము."


జనవరి 12

ఏం లేదు.


జనవరి 13

పొద్దుగాల అవ్వ ముందట కూసున్న. మనీష మేడమ్‌ను అడిగి ఎజెండా ఇంకొక నకలు తెచ్చిన. "కండ్లతోటి చూసి చదువు. చూడకుంట చెప్తే అది చదువు కాదు" అన్న. మెల్లగనే అన్న.

అవ్వ కత్తెర ఆపలే.

"నాగేశా, నాకు కండ్లు రెండే ఉన్నయి. ఆకు చూడాల్నా, అచ్చరం చూడాల్నా? అచ్చరం చూస్తే వేలు తెగుతది. రోజు గంటసేపు నువ్వు నా పక్కనే కూసుంటివి. నా కండ్లు ఎటున్నయో ఒక్కపారన్న చూసినవా?"

చూడలే. నేను కాయితం చూసుకుంట కూసున్న.

"మరి ఆకు ఇడిసిపెట్టు గంట సేపు."

"ఇడిసిపెడ్త. పొద్దుగూకితే టేకేదార్‌కు నీ కరపత్రాలు కట్టలు కట్టి ఇయ్యాల్నా?"

లేచి బస్సెక్కిన.


జనవరి 14

నా కోపం అవ్వ మీద కాదు. వ్యవస్థ మీద.


జనవరి 15

వ్యవస్థ మీద గూడ కాదు.


జనవరి 16

తలుపు పెట్టి కత్తెర పట్టిన.

మా ఊర్ల మొగోళ్లు బీడీ పని ముట్టరు. బాపు కల్లు కోసం తాడెక్కుతడు, ఆకాశ్ వాళ్ల నాయిన మేస్త్రీ పని చేస్తడు, కానీ ఒక్కడు గూడ చాట ఒళ్లె పెట్టుకోడు. నేను స్త్రీ పురుష సమానత్వం మీద ఎన్ని కరపత్రాలు చదివిననో లెక్కలేదు. అయినా తలుపు పెట్టిన.

"అవ్వా, ఆకు నేను కత్తిరిస్త. నువ్వు కాయితం చూడు."

అవ్వ చాట నా దిక్కు జరిపింది. రేకు ఆకు మీద ఎట్ల పెట్టాల్నో చూపిచ్చింది. ఈనె ఎటుండాలె, కొస ఎటుండాలె, చినిగిన జాగ ఎట్ల తప్పియ్యాలె. నేను కత్తిరిచ్చిన మొదటి ఆకు చూసి అమృతమ్మ పెద్దమ్మ అన్నది: "దీంతోటి బీడీ కాదురా, విస్తారి కుట్టొచ్చు."

అవ్వ కాయితం మీద వేలు పెట్టింది. "అంశము ఒకటి" అన్నది. అది పాతది గూడ అట్లనే ఉన్నది గనుక వచ్చింది. తర్వాత ఆగింది.

"గ్రా... గ్రామ... గ్రామము..."

"గ్రామములో" అన్న.

"ల... లో. గ్రామములో. కో..."

"కోతుల."

అవ్వ కాయితం కింద పెట్టింది. "నువ్వు నమిలి నా నోట్లె పెడ్తే నాకేం రుచి తెలుస్తదిరా?"

ఆ ఒక్క ముక్క "కోతుల బెడద నివారణ గురించి చర్చించుట." బస్సు టైము దాక అదే నడిచింది. రెండు వారాలల్ల ఎజెండా మొత్తం అయిపోయింది అనుకున్నదానికి, ఇయ్యాల ఒక్క ముక్క. వేలు గూడ కోసుకున్న.


జనవరి 18, ఆదివారం

టేకేదార్ రెండు కట్టలు వాపసు ఇచ్చిండట. ఆకు సరిగ లేదని. నేను కత్తిరిచ్చిన ఆకే. అవ్వ ఆ కట్టలు విప్పి మంచి బీడీలు ఏరుతున్నది. నేనే అన్న: "రేపు చదువు బంద్ పెడ్దమా?"

"నువ్వు ఆకు మంచిగ కత్తిరియ్యి. చదువెందుకు బంద్?"

ఇయ్యాల నా ఆకు నయం. రెండో అంశం మొదలైంది. "వీధి దీపముల..." దగ్గర ఆగినం. దాని తర్వాతి మాట కష్టమైనది.


జనవరి 19

వాకిలి తెరిచి కూసున్నం. తలుపు పెడ్తే లోపట చీకటి, అవ్వకు అచ్చరం కనవడ్తలేదు. కారణం అదొక్కటే.

ఆకాశ్ వచ్చిండు. చాట చూసి ఆగిండు. "అధ్యక్షా! రోజుకు ఎన్ని కట్టలు?"

లేచిన. చేతుల కత్తెర ఉన్నది యాదికొచ్చి కిందపెట్టి, అప్పుడు తిట్టిన. ఆకాశ్ పోయినంక అవ్వ అన్నది: "తిట్టుడు అయితే కూసో. ఆకు ఎండిపోతుంది."


జనవరి 21

ఇయ్యాల మా వాకిట్లకు ఎవరొచ్చిన్రో రాస్తే నేనే నమ్మ. సర్పంచ్ రోజారాణి వదిన. చేతుల ఎజెండా.

"అత్తమ్మా, జెర నేను గూడ కూసుంట నీ పక్కన. నేను తొమ్మిది దాక చదివిన, చదువొస్తది. కానీ పెండ్లయినప్పటి సంది నలుగురిల గొంతు ఎత్తి చదివింది లేదు. మైకు చూస్తే గొంతు పోతుంది."

అవ్వ పీట జరిపింది. ఇద్దరు ఒకటే కాయితం మీద తలలు పెట్టి చదివిన్రు. అవ్వ ఆగిన జాగల వదిన గూడ ఆగింది. చెప్పలే. అవ్వకు ఆ మాట వచ్చేదాక చూసింది, అప్పుడు ముందుకు పోయిన్రు.

వదిన పోయినంక అవ్వ మీద లేచిన. "పందెం కాసింది వాళ్ల మీదనే గద! మనం ఏం చదువుతున్నమో, ఎంత వచ్చిందో పోయి మొగనికి చెప్తది. శైలేందరన్న అంటే పెండ్లాన్ని ముందట కూసోబెట్టి వెనుక నుంచి మాట్లాడే మనిషి. ఆ ఇంటోళ్లను నమ్ముతవా?"

అవ్వ చుట్టిన బీడీకి దారం కట్టుకుంట అన్నది: "వాడు పెండ్లాం బదులు మాట్లాడుతుండు. నువ్వు అవ్వ బదులు మాట్లాడినవు. నా సీటు పోవాల్నా ఉండాల్నా అని నన్ను అడిగినవా ఆ దినం?"

ఇది వేరే, అది వేరే. నాది సిద్ధాంతం. వానిది పెత్తనం. తేడా రేపు రాస్త, ఇయ్యాల నిద్రొస్తుంది.


జనవరి 22

తేడా రాయలే. ఆకు శాన ఉన్నది.


జనవరి 25, ఆదివారం

రేపే.

ఎజెండాల పదకొండు అంశాలు. అవ్వకు కండ్లతోటి వచ్చేవి రెండు. అవి గూడ వేలు పెట్టుకుని, ఆగుకుంట, ఒక్కొక్క మాట ఏరుకుంట. మిగతా తొమ్మిది ముట్టలే. నేను "మొత్తం" అన్న. కరపత్రంల గూడ "మొత్తం" అని ఉన్నది, దాని వెనుక మూడు అరుపు గుర్తులు ఉన్నయి.

చట్టం పుస్తకం తీసిన. మెంబరు రాజీనామ గురించి ఏమున్నదో చూద్దమని. నా అట్ట గుర్తు ఒకటో అధ్యాయంలనే ఉన్నది. అది యాడుంటదో తెల్వక పేజీలు తిప్పి తిప్పి మూసిన.

పొద్దుగూకంగ అవ్వ పక్కకు పోయి కూసున్న. మెల్లగ అన్న: "అవ్వా, ఒక మాట. మిగతా తొమ్మిది నేను చెప్త. నీకు ఒక్కపారి వింటే వస్తది. రేపు పొద్దుగాలకల్ల నీ నోట్లె ఉంటయి. కాయితం పట్టుకుని చెప్పు. కాయితం మారేది లేదు ఇప్పుడు. ఎవలకు తెలుస్తది?"

అవ్వ బీడీలు కట్టలు కడ్తున్నది. చేతులు ఆగినయి.

"ఆఫీసర్ సారు అదే పని చేయిస్తే షామియానా ఎగిరిపోయేటట్టు ఒర్రితివి గదరా."

"ఇప్పుడు నీ సీటు పోతదే!"

"పోతే పోతది. పది రోజుల సంది కాయితం మీద కండ్లున్నయి, వేలున్నది, అచ్చరం దొరుకుతుంది. ఇప్పుడు మళ్ల చిలకను చేస్తవా నన్ను?"

బాపు మంచం మీద పండుకుని ఉన్నడు. నిద్ర పోయిండనుకున్న. "కోడే నయం" అన్నడు, అటు తిరిగి పండుకున్నడు.


జనవరి 26, సోమవారం

జెండా ఎగిరేసినంక పంచాయతీ ఆఫీసు ముందట గ్రామసభ. జనం మస్తు వచ్చిన్రు. గ్రామసభకు ఇంతమంది ఎన్నడు రారు. నా కరపత్రం చూసి వచ్చిన్రు, గ్రామసభ కోసం రాలే. శైలేందరన్న కరపత్రం జేబుల నుంచి తీసి మోకాలు మీద పెట్టుకున్నడు.

మనీష మేడమ్ మైకు అవ్వ చేతికి ఇచ్చింది.

అవ్వ ఒక చేతుల మైకు, ఒక చేతుల కాయితం పట్టుకున్నది. వేలు పెట్టేటందుకు చెయ్యి లేదు. జెరసేపు అటు ఇటు చూసి, మైకు రోజారాణి వదినకు ఇచ్చి పట్టుకొమ్మన్నది. కాయితం మీద వేలు పెట్టింది.

"అంశము. ఒకటి. గ్రామములో. కోతుల. బెడద. నివారణ. గురించి. చర్చించుట."

ఎవరో వెనుక నుంచి "కోతులు ఈలోపల చేను దిని పోతయి" అన్నరు. నవ్విన్రు. అవ్వ తల ఎత్తలే.

"అంశము. రెండు. వీధి. దీపముల. ని... నిర్..."

ఆగింది. వేలు అక్కడనే ఉన్నది. మైకుల అవ్వ ఊపిరి వినవడ్తుంది. ఇంట్ల పది పార్లు చదివిన మాట. నా నాలుక కొసన ఉన్నది. ఆపుకోలేకపోయిన. లేచి ఒర్రిన: "నిర్వహణ!"

అదే టైముకు శైలేందరన్న గూడ లేచిండు. "ఇటియ్యి చిన్నమ్మా, నేను చదువుత గని, నీకెందుకు తిప్పలు" అని కాయితం మీద చెయ్యేసిండు.

అవ్వ కాయితం ఛాతికి హత్తుకున్నది. ముందుగాల నా దిక్కు చూసింది. "నువ్వు కూసో." తర్వాత ఆయన దిక్కు. "నువ్వు గూడ కూసో బిడ్డా. మెంబర్లు మేము."

ఇద్దరం కూసున్నం. ఆడోళ్ల దిక్కు నుంచి అమృతమ్మ పెద్దమ్మ నవ్వు అందరికంటే పెద్దగ వినవడ్డది.

అవ్వ మళ్ల వేలు పెట్టింది. నేను చెప్పిన మాట పట్టుకోలే. మొదటి సంది తనే కూడబలుక్కున్నది. "ని. నిర్. నిర్వ. హ. ణ. నిర్వహణ. గురించి. చర్చించుట."

తర్వాత కాయితం రోజారాణి వదినకు ఇచ్చింది. "నాకు ఈడి దాకనే వస్తది. తక్కింది సర్పంచ్ చదువుతది. ఆమెకు వస్తది."

వదిన మొకం తెల్లవడ్డది. మొగని దిక్కు చూడబోయి మళ్ల కాయితం దిక్కు చూసింది. మూడో అంశం చదివింది. గొంతు వణికింది. ఐదో అంశంకల్ల వణుకు పోయింది. పదకొండు దాక చదివింది. శైలేందరన్నకు పెండ్లాం గొంతు మైకుల వినుడు అదే మొదటిసారి అనుకుంట. నోరు తెరిచి విన్నడు.

అప్పుడు యాదికొచ్చింది ఆయనకు. కరపత్రం లేపి చూపిచ్చిండు. "చిన్నమ్మ మొత్తం చదువుతది అని అచ్చేసిన్రు. చదివింది రెండు. మరి రాజీనామ?"

నేను లేచిన. ఏం చెప్పాల్నో తెల్వదు, ఒర్రాలని మాత్రం తెలుసు. మనీష మేడమ్ అంతలనే అన్నది: "రాజీనామా అంటే మెంబర్ గారు స్వయంగా రాసివ్వాలండి. వేరేవాళ్ల నోటి మాట నేను రాసుకోను."

అవ్వ మైకు మళ్ల తీసుకున్నది.

"నేను రాసియ్య. పందెం కాసింది నేను కాదు. నన్ను అడిగిన్రా? కాసింది మా నాగేశు. వాని మాట వాడు నిలవెట్టుకోవాలె, అది గూడ నిజమే. వానికేమన్న పదవి ఉంటే గది తీసుకోండ్రి."

జనం పడి పడి నవ్విన్రు. ఆకాశ్ వెనుక నుంచి అరిచిండు: "ఉన్నదత్తమ్మా! యువజన సంఘం అధ్యక్షుడు!"

"అయితే గది" అన్నది అవ్వ. కూసున్నది.

ఊరి ముందట కాయితం అడిగి తీసుకుని రాజీనామ రాసిన. అక్కడికక్కడే. "నా మాట ప్రకారం" అని రాసి సంతకం పెట్టిన. ఆకాశ్ తీసుకుని, చదివి, ఎవలు అడగకముందే తనే అధ్యక్షుణ్ణని ప్రకటించుకున్నడు.


జనవరి 27

అవ్వతోటి మాట్లాడలే. ఆకు మాత్రం కత్తిరిచ్చిన. ఆకు మీద కోపం ఏమున్నది.


జనవరి 30

ఆకాశ్ సంఘం బోర్డు మీద నా పేరు తుడిపి తన పేరు రాయిస్తుండు. పెయింటర్ నన్నే అడిగిండు, "అధ్యక్షుడు" అచ్చరాలు సరిగ పడ్డయా చూడమని. చూసిన. పడ్డయి.


ఫిబ్రవరి 1, ఆదివారం

పొద్దుగాల వాకిట్ల. రోజారాణి వదిన రాలే, ఇంట్ల చుట్టాలట. అమృతమ్మ పెద్దమ్మ తన ఆకు గూడ నా చాటల పోసింది, "నీకు చెయ్యి తిరిగింది గద" అనుకుంట, అనుకుంటనే అవ్వ పక్కకు పోయి కాయితం మీదికి వంగింది. ఆమెకు ఒక్క అచ్చరం రాదు. చూస్తుంది ఊకెనే.

ఎజెండా అయిపోయింది. అవ్వ పేపర్ అడిగింది. పేపర్ల మన జిల్లా పేజీ తీసిన. ఏదో చిన్న వార్త, కోతుల గురించే. అవ్వ వేలు పెట్టింది. మొదటి రెండు వరుసలు పోయింది. మూడో వరుసల ఒక మాట. చూసిన. "ప్రత్యామ్నాయ." నేను కరపత్రాలల్ల ఎన్నోసార్లు రాసిన మాట.

"ప్ర. ప్రత్..." అన్నది అవ్వ. ఆగింది. మళ్ల మొదటికి పోయింది. అమృతమ్మ పెద్దమ్మ నా దిక్కు చూసింది, చెప్పరాదురా అన్నట్టు.

తల వంచుకుని కత్తెర చూసుకున్న. బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. బాపు లేచి, మొకం కడుక్కుని, తాళ్ల దిక్కు పోయిండు. అవ్వ వేలు ఇంకా ఆడనే ఉన్నది.

అవ్వకు ఆ మాట దొరికేలోపల నేను రెండు ఆకులు చెడగొట్టిన.